గట్టి నాయకుడా, నియంతా?

ప్రశ్న: ఒకే నాయకుణ్ణి మా వీధిలో సగంమంది ‘గట్టోడు’ అంటారు, తక్కినవాళ్లు ‘వీడుంటే ఇక ఎన్నికలే ఉండవు’ అంటారు. ఎవరి మాట నిజమో తేల్చుకునేదెలా? – ఒక పాఠకుడు, కందుకూరు

జవాబు: ప్రసంగాలు పక్కన పెట్టండి. ‘కుదరదు’ అని ఆయనకు చెప్పగల కోర్టు, ఎన్నికల సంఘం, పత్రికలు, ప్రతిపక్షం జోలికి ఎలా వెళ్తున్నాడో చూడండి. 1975 జూన్ 12న ఇందిరా గాంధీ ఎన్నిక చెల్లదని అలహాబాద్ హైకోర్టు తీర్పిచ్చింది. 25 రాత్రి ఎమర్జెన్సీ వచ్చింది. ఆగస్టులో రాజ్యాంగ 39వ సవరణతో ప్రధాని ఎన్నికను కోర్టులకు అందకుండా చేశారు. మరుసటి ఏడాది 42వ సవరణ లోక్‌సభ గడువును 5 ఏళ్ల నుంచి 6కు పెంచింది. అన్నిటికీ పార్లమెంటు ఆమోదముద్ర పడింది. కాబట్టి ‘చట్టప్రకారమే చేశాడు కదా’ అంటే సరిపెట్టుకోవద్దు.

1978లో 44వ సవరణ ఎమర్జెన్సీ పెట్టే దారిని బాగా ఇరుకు చేసింది. ‘అంతర్గత కల్లోలం’ అంటే ఇప్పుడు చెల్లదు, సాయుధ తిరుగుబాటు ఉండాలి. కేబినెట్ రాసివ్వాలి. నెలలోపు ఉభయసభల్లో హాజరై ఓటేసినవాళ్లలో మూడింట రెండొంతుల మంది ఒప్పుకోవాలి. అంచేత భయపడాల్సింది చప్పుడు లేకుండా జరిగేవాటికి. ఐదేళ్లు తీరేలోపే పంచాయతీ ఎన్నికలు పెట్టాలని రాజ్యాంగం 243ఈ అధికరణం చెబుతోంది. మన ఆంధ్రప్రదేశ్‌లో 2018 ఆగస్టులో గడువు తీరితే 2021 ఫిబ్రవరికి గానీ జరగలేదు. కోర్టు కేసులు, కరోనా కొంత కారణమే. కానీ ఆ రెండున్నరేళ్లలో ప్రభుత్వం మారినా ఊళ్లు ప్రత్యేకాధికారుల చేతిలోనే ఉన్నాయి, తాగునీటి పైపు గురించి నిలదీయడానికి సర్పంచి లేడు. 2020లో రాష్ట్ర ఎన్నికల కమిషనర్ పదవీకాలాన్ని ఆర్డినెన్సుతో 5 ఏళ్ల నుంచి 3కు తగ్గించి ఆయన్ని తప్పిస్తే హైకోర్టు కొట్టేసింది. మీ అభిమాన నాయకుడు ఇలాంటిది చేసినప్పుడు కూడా తప్పంటారా? ముందు అది తేల్చుకోండి.

ప్రశ్న: ఓటరు జాబితాలో మా ఇంట్లో రెండు పేర్లు మాయమయ్యాయి. ఏం చేయాలి? – ఒక పాఠకురాలు, పొదిలి

జవాబు: ఎన్నికల ముందు దాకా ఆగకండి. నామినేషన్ల చివరి తేదీ దాటితే పేరు చేర్చడానికి చట్టం ఒప్పుకోదు. ముందు మీ బీఎల్‌వోను (పోలింగ్ బూత్ స్థాయి అధికారిని) అడిగి పేర్లు ఎందుకు పోయాయో కనుక్కోండి. ఎవరో ఫారం-7 (పేరు తీసేయమనే దరఖాస్తు) పెట్టి ఉంటే, ఆ మనిషి మీ నియోజకవర్గం ఓటరే అయ్యుండాలి. మీ వాదన వినకుండా పేరు తీసేసే హక్కు అధికారికి లేదు. నోటీసు రాలేదంటే అదే మీ అప్పీలుకు బలం. తొలగించిన 15 రోజుల్లోపు కలెక్టరుకు, అక్కడ కాకపోతే మరో 30 రోజుల్లోపు రాష్ట్ర ప్రధాన ఎన్నికల అధికారికి వెళ్లొచ్చు. గడువు దాటిపోయిందా, కొత్తగా ఫారం-6 (పేరు చేర్చమనే దరఖాస్తు) పెట్టి రసీదు దాచుకోండి. ఫారంలో అబద్ధం రాసిన వాళ్లకు ఏడాది దాకా జైలు పడొచ్చు. 2019 ఎన్నికల ముందు మన రాష్ట్రంలో ఫారం-7లు లక్షల్లో వచ్చిపడితే పోలీసు కేసులు కూడా పెట్టారు.