బాలీ వెళ్తున్నాం, కడుపు సంగతేంటి డాక్టర్ గారూ?

ప్రశ్న: వచ్చే నెల అబ్బాయి వాళ్లతో మావారు, నేను, ఆరేళ్ల మనవడు బాలీ వెళ్తున్నాం. వెళ్లొచ్చినవాళ్లంతా 'బాలీ బెల్లీ' అని, అంటే అక్కడ పట్టుకునే విరేచనాలని, భయపెడుతున్నారు. మావారేమో "బండి మీద పునుగులు తిని పెరిగినవాళ్లం, మనకేమవుతుంది" అంటారు. విరేచనాలు మొదలైతే వెంటనే ఆపే మాత్ర వేసుకోవచ్చా?
– ఒక పాఠకురాలు, విజయవాడ

జవాబు: మీవారి ధీమాతోనే నేనూ వెళ్లానమ్మా. మూడోరోజు హోటల్ టిఫిన్లలో కోసిపెట్టిన బొప్పాయి ముక్కలు రెండు ప్లేట్లు లాగించి, ఆ సాయంత్రమంతా బాత్రూమ్‌లోనే గడిపాను. మన ఊరి క్రిములకు అలవాటుపడ్డ కడుపుకి కూడా అక్కడి ఈ-కోలై అనే బ్యాక్టీరియా రకాలు కొత్తే.

కొళాయి నీళ్లు తాగొద్దు, పళ్లు తోముకోవడానికీ సీలు బాటిలే వాడండి. పొగలు కక్కే అన్నం, కూర ఏదైనా తినండి, పండ్లు మీరే ఒలుచుకోండి. కారం కనిపిస్తే మనవాళ్లు ఆగరు గానీ, సాంబల్ మతా అనేది పచ్చి ఉల్లిపాయలు, నిమ్మగడ్డితో కలిపే పచ్చడి, దాన్ని వదిలేయండి. శానిటైజర్ ఉందిగా అనుకోవద్దు, వాంతులు, విరేచనాలు తెప్పించే నోరోవైరస్ దానికి సరిగ్గా చావదు, సబ్బుతోనే కడుక్కోవాలి.

ఇక మందులు. మాత్రల కంటే ముందు ఓఆర్ఎస్ ప్యాకెట్లు సర్దండి. చాలామంది చేసే తప్పు, లీటరు ప్యాకెట్‌ని ఒక్క గ్లాసు నీళ్లలో కలిపేయడం. ఉప్పు ఎక్కువై పిల్లలకు ప్రమాదం కూడా. బాలీలో బాటిళ్లు ఎక్కువగా 600 మి.లీ., లీటరున్నరవి దొరుకుతాయి కాబట్టి ఇంటి నుంచే ఒక ఖాళీ లీటరు బాటిల్ తీసుకెళ్లండి. బాబు కక్కితే పది నిమిషాలాగి మళ్లీ చెంచాతో కొద్దికొద్దిగా పట్టండి, అన్నం మాత్రం మాన్పించొద్దు. తియ్యటి డబ్బా డ్రింకులు ఓఆర్ఎస్ కావు. హైదరాబాద్ పిల్లల డాక్టర్ శివరంజని సంతోష్ గారు ఏళ్ల తరబడి పోరాడాక, 2025 అక్టోబరులో అలాంటి డ్రింకుల మీద 'ఓఆర్ఎస్' అనే పేరు వాడకూడదని మన ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ ఆదేశాలిచ్చింది.

మీరడిగిన ఆపే మాత్ర లోపరమైడ్. జ్వరం, రక్తం లేనప్పుడు, ఫ్లైట్ ఎక్కక తప్పని రోజు పెద్దవాళ్లు వేసుకోవచ్చు. బాబుకి మాత్రం వద్దే వద్దు. ఇంట్లో మిగిలిన సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ కూడా సర్దకండి, ఆగ్నేయాసియాలో చాలా క్రిములు దానికి లొంగడం లేదు. యాంటీబయాటిక్ కావాలో వద్దో వెళ్లేముందే మీ డాక్టర్‌ని అడగండి. మీవారు బీపీకి నీటి మాత్ర (మూత్రం ఎక్కువగా పోయించేది) వాడుతుంటే, విరేచనాలప్పుడు దాన్నేం చేయాలో కూడా అప్పుడే అడిగేయండి.

మలంలో రక్తం, తగ్గని జ్వరం, నీళ్లు కూడా నిలవనన్ని వాంతులు, బాబు మగతగా ఉండటం, మూత్రం బాగా తగ్గిపోవడం, వీటిలో ఏ ఒక్కటి కనిపించినా టూరు పక్కనపెట్టి ఆసుపత్రికి వెళ్లండి. ప్యాకెట్లు అయిపోతే టెన్షన్ పడకండి, అక్కడ మందుల షాపుని 'ఆపోటెక్' అంటారు, వెళ్లి 'ఓరలిట్' అని అడిగితే ఓఆర్ఎస్సే ఇస్తారు, కాకపోతే అక్కడి ప్యాకెట్ సాధారణంగా లీటరుకి కాదు, ఒక గ్లాసు (200 మి.లీ.) నీళ్లకే, ప్యాకెట్ మీద చూసి కలపండి.