ఆ మంత్రి ఎక్కడి నుంచి వస్తుంది?

తొమ్మిదేళ్ల అబ్బాయిని మొదటిసారి చెస్ టోర్నమెంటుకు పంపుతున్నాం, ఏ ఓపెనింగులు (ఆట మొదట్లో వేసే ఎత్తుల వరుసలు) నేర్పించాలి అని అడిగారు. ఓపెనింగుల సంగతి తర్వాత చూడవచ్చు. బంటు చివరి గడికి చేరితే ఏమవుతుందో మీ వాడిని అడగండి. మంత్రి అవుతుందంటాడు. ఆ మంత్రి ఎక్కడి నుంచి వస్తుందో కూడా అడగండి.

మా అమ్మాయికి పదేళ్లప్పుడు ఆదోనిలో తెల్లవారుజామున బస్సెక్కి, ఎమ్మిగనూరు మీదుగా కర్నూలు వెళ్లాం. మే నెల. హాల్లో ఫ్యాన్లు తిరుగుతున్నాయో లేదో తలెత్తి చూస్తే తప్ప తెలియదు. నాలుగో రౌండులో కడప అబ్బాయితో ఆట. మా అమ్మాయి మంత్రి ముందే పోయింది గానీ, నల్లబంటు ఒకటి చివరి వరుస దాకా నడిచింది. కిటికీ దగ్గర నిలబడ్డ నేను గెలిచేసిందనే అనుకున్నాను. తీరా చూస్తే బల్ల మీద మంత్రి లేదు. ఆ అబ్బాయి చంపిన మంత్రిని గుప్పిట్లో పెట్టుకుని నలుపుతున్నాడు. పిల్లలందరికీ ఉన్న అలవాటే అది. ఇంట్లో చేసినట్టే మా అమ్మాయి, పక్కన పడి ఉన్న ఏనుగును తలకిందులుగా నిలబెట్టి, "క్వీన్" (మంత్రి) అని గడియారం నొక్కింది. తర్వాతి ఎత్తులో దాన్ని ఐమూలగా జరిపి చెక్ చెప్పింది. ఆర్బిటర్‌ను, అంటే ఆట న్యాయనిర్ణేతను, పిలవడానికి ఆ అబ్బాయి చెయ్యెత్తాడు.

ఫిడే (అంతర్జాతీయ చెస్ సమాఖ్య) నియమాల ప్రకారం తలకిందులుగా పెట్టినా ఏనుగు ఏనుగే, ఐమూలగా కదలదు. నోటితో క్వీన్ అన్నా చెల్లదు. అవతలి వాడికి రెండు నిమిషాలు అదనంగా వచ్చాయి, ముట్టుకున్న ఏనుగునే కదపాలన్నారు ఆర్బిటర్. కళ్లనిండా నీళ్లతో కదిపింది, మూడు ఎత్తుల్లో దాన్నీ పోగొట్టుకుంది, ఆటా పోయింది.

కావలసిన పావు దొరకకపోతే గడియారం ఆపి ఆర్బిటర్‌ను పిలవవచ్చు. ఆ ఒక్క మాట శిక్షణ ఇచ్చినవారు చెప్పలేదు. నెలనెలా ఫీజు తీసుకుని సిసిలియన్ డిఫెన్స్ అనే ఓపెనింగును మాత్రం బట్టీ పట్టించారు. మేము తక్కువ తిన్నామా? కోనేరు హంపి 15 ఏళ్లకే గ్రాండ్‌మాస్టర్ అయ్యారని రోజూ పిల్లల చెవిలో ఊదుతాం, నియమాల పుస్తకం ఒక్కసారీ తెరవం. నేనైతే తెరవలేదు.

మధ్యాహ్నం చెట్టు కింద పులిహోర పొట్లం విప్పుతుంటే ఆ అబ్బాయి మా దగ్గరకు వచ్చాడు. "అక్కా, ఇది నా దగ్గరే ఉండిపోయింది" అని గుప్పిట తెరిచాడు. చెమటకు తడిసిన నల్లమంత్రి.