చీటీ లేని రాయి

వెస్ట్ మాంబళం, చెన్నై

చిరంజీవి చిన్నాకి మామయ్య ఆశీస్సులు.

వాట్సాప్‌లో నువ్వు పంపిన 38 శిలాజాల ఫొటోలూ చూశాను. పాత అలవాటు కొద్దీ నోట్‌బుక్‌లో నంబర్లు వేసుకుని, ఒక్కొక్కటీ పెద్దది చేసుకుని చూశాను. ఫోన్లో "తర్వాత చెప్తాలే" అన్నందుకు నీకు కోపం వచ్చిందని అక్కయ్య చెప్పింది. ఇది రెండు ముక్కల్లో తేలే విషయం కాదురా. అందుకే తీరిగ్గా కూర్చుని రాస్తున్నాను.

నువ్వు అడిగినవి మూడు. వీటికి ఎంత ధర పెట్టొచ్చు, అసలైనవేనని నేను సంతకం పెట్టి కాగితం ఇస్తానా, ఆన్‌లైన్‌లో అమ్మడం తప్పా. కాగితం సంగతి ముందే చెప్పేస్తాను, ఇవ్వలేను. రాళ్ళు అసలైనవే. అరియలూరు వైపు సున్నపురాయి గనుల్లో ఇరవై ఆరేళ్ళు తిరిగినవాణ్ణి, అమ్మోనైట్‌ని (ఎప్పుడో అంతరించిన, చుట్ట పెంకున్న సముద్రజీవి శిలాజం) చూస్తే పోల్చుకోగలను. కానీ ఆ కాగితంలో "ఎక్కడిది" అని రాయాల్సిన చోటు ఒకటి ఉంటుంది. అక్కడ ఏం రాయను? నీ ఫ్రెండ్ వాళ్ళ ఊరి నుంచి ఎరువుల సంచిలో పోసుకుని తెచ్చాడు, నువ్వు వాటికి "అరియలూర్ ఫాసిల్స్" అని పేరు పెట్టావు. అరియలూరంటే తమిళనాడులో ఒక జిల్లా. ఆ చుట్టుపక్కల నేల మీద పడమటి నుంచి తూర్పుకు నడిస్తే కాలంలో ముందుకు నడిచినట్టే. మొదట ఉత్తటూరు పొరలు, తర్వాత తిరుచినాపల్లి పొరలు, ఆ తర్వాత అరియలూరు పొరలు వస్తాయి. ఒక వాగుకి ఈ గట్టున దొరికినదానికీ, రెండు మైళ్ళ అవతల దొరికినదానికీ మధ్య లక్షల ఏళ్ళ తేడా ఉండొచ్చు. సంచిలో పడేసరికి ఆ తేడా అంతా పోయింది.

పన్నెండో ఫొటోలో ఉన్న రాయిని చేతిలోకి తీసుకో. అరచేతిలో ఇమిడిపోతుంది. చుట్ట నడుమ బొడ్డులా ఒక గుంట, అక్కడి నుంచి అంచు దాకా పక్కటెముకల్లా గీతలు. ఒక పక్కన పైపెంకు ఊడిన చోట, కొత్తిమీర ఆకు అంచులాగా వంకర్లు తిరిగిన సన్నటి గీత ఇంకొకటి కనిపిస్తుంది. లోపల గదికీ గదికీ మధ్య ఉన్న గోడ పెంకును అంటుకున్న చోటు అది. ఏ జాతి అన్నది తేల్చడానికి ఆ గీతే పెద్ద ఆధారం. బొడ్డులో ఇంకా బూడిదరంగు బంకమట్టి ఇరుక్కుని ఉంది చూడు, దాన్ని కడిగెయ్యకు. అందులో కంటికి ఆనని జీవుల గుల్లలు ఉంటాయి. మైక్రోస్కోప్ కింద వాటిని చూసి ఆ రాయి ఏ పొరలోంచి వచ్చిందో చెప్పగలిగినవాళ్ళు ఉన్నారు. మీరు బ్రష్‌తో రుద్ది వార్నిష్ పూసిన ఇరవై రాళ్ళకీ ఆ దారి మూసుకుపోయింది. అవి మెరుస్తున్నాయి, నిజమే. నాకు మాత్రం చూస్తుంటే గుండె కలుక్కుమంది.

ఎందుకంత బాధ అంటావేమో. నా దగ్గర కూడా ఒక ట్రంకు పెట్టె ఉండేది. గనిలో పనిచేసిన రోజుల్లో సెలవు పూట వాగుల వెంట తిరిగి ఏరినవి, 140 దాకా ఉండేవి. ఒక్కొక్కదాన్నీ పాత న్యూస్‌పేపర్‌లో చుట్టి, ఊరు, వాగు, పొర, తేదీ రాసిన చీటీ లోపల పెట్టాను. మామూలు ఇంకు, మామూలు కాగితం. 2015 డిసెంబరు వరదల్లో మా గ్రౌండ్ ఫ్లోర్‌లో నడుము లోతు నీళ్ళు వచ్చాయి. వారం తర్వాత పెట్టె తెరిస్తే రాళ్ళకి ఏమీ కాలేదు, చీటీలన్నీ ముద్దయిపోయాయి. తర్వాత ఒక కాలేజీ జియాలజీ డిపార్ట్‌మెంట్‌కి ఇచ్చేద్దామని తీసుకెళ్ళాను. అక్కడి ప్రొఫెసర్ చాలా మర్యాదస్తురాలు, ఒక్కొక్కటీ తీసి "ఇది ఎక్కడిదండీ?" అని అడిగారు. పదకొండింటి మీద మాత్రం తెల్ల పెయింటు చుక్క వేసి నల్ల ఇంకుతో నంబరు రాశాను, ఆ నంబర్లు పైఅంతస్తులో ఉన్న నా డైరీలో ఉన్నాయి. ఆవిడ ఆ పదకొండే తీసుకున్నారు. మిగతావి ఇప్పటికీ మా బాల్కనీలో బకెట్లో ఉన్నాయి, అపార్ట్‌మెంట్ పిల్లలు వచ్చి ఆడుకుంటారు. అందుకే నీకు ఇంత గట్టిగా చెబుతున్నాను.

ఇక అమ్మడం తప్పా అన్న మాట. మీ అమ్మమ్మ పూజలో ఉండే సాలగ్రామం గుర్తుందా? రాగి చెంబుతో నీళ్ళు పోసి, తుడిచి, తులసిదళం పెట్టేది. గండకీ నదిలో దొరికే ఆ నల్లరాయి కూడా అమ్మోనైటే, లోపలి చక్రం ఆ జీవి గుల్ల. సాలగ్రామానికి వెల కట్టకూడదు, చేతి నుంచి చేతికి రావాలి అనేది అమ్మ. ఆ మాట నాకు చాలా ఇష్టం. కానీ అదే నియమం శిలాజాలన్నిటికీ పెడితే కొందరికి అన్యాయం చేసినవాళ్ళమవుతాం. ఇంగ్లండ్‌లో లైమ్ రీజిస్ అనే సముద్రం ఒడ్డు ఊళ్ళో మేరీ ఆనింగ్ ఉండేది. తండ్రి కలపపని చేసేవాడు, ఆమె చిన్నతనంలోనే పోయాడు. కొండచరియల్లో శిలాజాలు ఏరి అమ్మితేనే ఇంట్లో పూట గడిచేది. ఆమె, ఆమె అన్న కలిసి తీసిన ఇక్త్యోసార్, 1823లో ఆమె తీసిన ప్లీసియోసార్ (రెండూ అంతరించిన సముద్ర సరీసృపాలు) లేకపోతే ఈ శాస్త్రం చాలా ఆలస్యంగా నడిచేది. జర్మనీ రాతి గనుల్లో దొరికిన ఆర్కియోప్టెరిక్స్ (ఈకలున్న తొలి పక్షి లాంటి జీవి) కూడా ఒక డాక్టర్ చేతుల మీదుగా, ఆయన దగ్గరున్న మిగతా శిలాజాలతో కలిపి 700 పౌండ్లకు 1862లో బ్రిటిష్ మ్యూజియానికి చేరింది. డబ్బు చేతులు మారింది, రాయి మాత్రం అందరూ చూడగలిగే చోటికే వెళ్ళింది. నేను చూసేది ఆ చివరి గమ్యం.

నువ్వు పంపిన వార్తల లింకులు కూడా చదివాను. 1990లో అమెరికాలోని సౌత్ డకోటాలో దొరికిన టీ రెక్స్ "సూ"ను 1997లో వేలంలో దాదాపు 84 లక్షల డాలర్లకు షికాగో ఫీల్డ్ మ్యూజియం కొంది. మెక్‌డొనాల్డ్స్, డిస్నీ లాంటి కంపెనీలు చెయ్యి వేస్తే గానీ ఆ మ్యూజియం వల్ల కాలేదు. 2020లో "స్టాన్" అనే ఇంకో టీ రెక్స్ 3.18 కోట్ల డాలర్లు పలికింది, అబుదాబి మ్యూజియం కోసమని 2022లో బయటపడేదాకా అది ఎక్కడుందో ఎవరికీ తెలియదు. 2024లో "ఏపెక్స్" అనే స్టెగోసారస్ డైనోసార్ 4.46 కోట్ల డాలర్లకు ఒక కోటీశ్వరుడి చేతికి వెళ్ళింది. ఆయన దాన్ని న్యూయార్క్ మ్యూజియంలో పెట్టడానికి ఇచ్చాడు, మంచిదే, కానీ అది అరువుగా ఇచ్చినదే. సొంతదారు ఇష్టపడినన్నాళ్ళే తలుపు తెరిచి ఉండే రాయి మీద శాస్త్రవేత్తలు పేపరు రాయడానికి వెనకాడతారు. ఒకరు చెప్పింది నిజమో కాదో ఇంకొకరు వెళ్ళి అదే ఎముకను కొలిచి చూసుకోవాలి కదా. వాళ్ళ అభ్యంతరం ఈర్ష్యతో పుట్టింది కాదు. ధర ఇంత పెరిగితే, నిన్నటిదాకా "తవ్వుకోండి బాబూ" అన్న రైతు ఇవాళ ముందు రేటు అడుగుతాడు. అడగడంలో ఆయన తప్పు లేదు, ఓడిపోయేది మాత్రం మ్యూజియమే.

కొన్నవాడికి కూడా చిక్కు తప్పదు. 2012లో న్యూయార్క్ వేలంలో పది లక్షల డాలర్లు దాటిన టార్బోసారస్ (టీ రెక్స్‌కి దగ్గరి బంధువైన డైనోసార్) అస్థిపంజరం మంగోలియాది. ఆ దేశం 1924 నుంచే వాటిని బయటికి పోనివ్వడం లేదు. కోర్టుకెక్కింది, 2013లో వెనక్కి వెళ్ళింది. హాలీవుడ్ నటుడు నికొలస్ కేజ్ 2007లో 2,76,000 డాలర్లు పెట్టి కొన్న పుర్రె కూడా అక్కడిదేనని తేలి, 2015లో తిరిగి ఇచ్చేయడానికి ఒప్పుకున్నాడు. తెలియక కొన్నా పోయేది పోయింది.

మన దేశంలోనే జరిగినది ఇంకా ఘోరం. పంజాబ్ యూనివర్సిటీ ప్రొఫెసర్ వి.జె. గుప్తా ఏళ్ళ తరబడి హిమాలయాల్లో దొరికాయంటూ శిలాజాల మీద పేపర్లు రాశాడు. 1989లో ఆస్ట్రేలియా శాస్త్రవేత్త జాన్ టాలెంట్ వాటిని బయటపెట్టాడు. కొన్ని అమ్మోనాయిడ్లు (అమ్మోనైట్ల కుటుంబం) మొరాకో నుంచి వచ్చి యూరప్ దుకాణాల్లో అమ్ముడయ్యేవాటిలాంటివి, కొన్ని సూక్ష్మ శిలాజాలు న్యూయార్క్ రాష్ట్రంలో దొరికేవాటిలాంటివి. నిజమైన రాళ్ళకి అబద్ధపు ఊరు అంటగడితే హిమాలయాల చరిత్రే తారుమారైంది. ఏ పేపరు నమ్మాలో ఏది వదిలెయ్యాలో తేల్చుకోవడానికి ఎంతమంది ఎన్నేళ్ళు తంటాలు పడ్డారో. నువ్వు అబద్ధం చెప్పే మనిషివి కాదు. కానీ నీ దగ్గర కొన్నవాడు, వాడి దగ్గర కొన్న ఇంకొకడు ఆ ఖాళీ చోటులో ఏ ఊరి పేరు రాస్తారో నీకేం తెలుసు?

చట్టం సంగతి అడుగుతావు. శిలాజాల లాంటి భూగర్భ అవశేషాలను, భూవారసత్వ స్థలాలను కాపాడే చట్టం తేవాలని కేంద్ర గనుల శాఖ 2022లో ముసాయిదా బిల్లు బయటపెట్టింది. తమిళనాడులోని తిరువక్కరై రాతి చెట్లు, సాత్తనూరు రాతి మాను జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా (జీఎస్ఐ) ప్రకటించిన జాతీయ భూవైజ్ఞానిక స్మారకాలు, వాటి దరిదాపుల్లో గులకరాయి కూడా ముట్టుకోకు. గనుల్లోకి అనుమతి లేకుండా వెళ్ళకు. ఇంతకు మించి చట్టం మీద నాకు పెద్ద ఆశ లేదు, మన మనసే కాయాలి.

నీ ఫ్రెండ్ అన్నాడన్న మాట మాత్రం నన్ను రెండు రాత్రులు నిద్రపోనివ్వలేదు. "మేం ఏరకపోతే అవి ఎలాగూ క్రషర్‌లో పడి సిమెంటైపోతాయి" అన్నాడట. నిజంరా. నేను అక్కడే నిలబడి చూశాను. బ్లాస్టింగ్ అయ్యాక దుమ్ము సర్దుకుంటుంటే, పగిలిన రాయి ముఖం మీద బండి చక్రమంత అమ్మోనైట్ ముద్ర కనిపించింది ఒకసారి. పరుగున ఆఫీసుకి వెళ్ళి కెమెరా తెచ్చేలోపు డంపర్ ఎత్తుకెళ్ళిపోయింది. షిఫ్టు టార్గెట్ ముందు రాతినత్త కోసం ఎవరు ఆగుతారు? కాబట్టి వాటిని ఏరిన ఊరి పిల్లల్ని, వాళ్ళకి రాయికి ఇరవై రూపాయలు ఇచ్చిన నీ ఫ్రెండ్‌ని నేను తప్పు పట్టను. వాళ్ళు కాపాడారు. ఊరి పేరు కూడా కాపాడి ఉంటే బాగుండేది. కెనడాలోని ఆల్బెర్టాలో 2011లో ఒక గనిలో షావెల్ ఆపరేటర్ రాయి రంగు తేడాగా ఉందని మిషన్ ఆపాడు. కంపెనీ మ్యూజియానికి ఫోన్ చేసింది. చర్మంతో సహా నిలిచిన కవచపు డైనోసార్ అలా బయటపడింది, ఇప్పుడు రాయల్ టిరెల్ మ్యూజియంలో ఉంది. అక్కడ శిలాజాలు ప్రభుత్వానివని చట్టం ఉంది, ఆపి చెప్పడం అలవాటుగా ఉంది. మన గనుల్లోనూ అది రావాలని నా కోరిక.

ఇప్పుడు నువ్వు చెయ్యాల్సింది. అమ్మకం పేజీ ఆపెయ్. శని ఆదివారాల్లో నీ ఫ్రెండ్‌తో కలిసి అరియలూరు రైలెక్కు. ఏరిన పిల్లల్ని వెంటబెట్టుకుని వెళ్ళి "ఇది ఎక్కడ?" అని ఒక్కో రాయీ చూపించి అడుగు. పిల్లలకి బాగా గుర్తుంటుంది. ఆ చోట ఫోన్లో లొకేషన్ తీసుకో, గట్టు ఫొటో తియ్యి, పక్కన సుత్తి పెట్టి తియ్యి, పొర మందం తెలుస్తుంది. రాయి మీద ఒక మూల తెల్ల చుక్క, నంబరు. డైరీ ఒకటి, దాని ఫొటోలు మెయిల్లో ఒక కాపీ. గుర్తు రాకపోతే "తెలియదు" అని రాయి, ఊహించి ఊరు పేరు రాయకు.

వ్యాపారమే చెయ్యాలని ఉంటే నకళ్ళు చెయ్యి. సిలికాన్ అచ్చు తీసి రెసిన్ పోసి, నకలు అని వెనక స్పష్టంగా ముద్రవేసి స్కూళ్ళకి అమ్ము. స్టాన్ నకళ్ళను దాన్ని తవ్వితీసిన బ్లాక్ హిల్స్ సంస్థ ప్రపంచమంతా అమ్మింది, దాంట్లో ఎవరికీ నష్టం లేదు. ఆ పిల్లలకి నకళ్ళ మీద వచ్చేదాంట్లో వాటా ఇవ్వు. మామూలు అమ్మోనైట్లు నాలుగు దాచుకుంటావా, దాచుకో. ఎముక, పన్ను, ఎక్కడా చూడని ఆకారం ఏది తగిలినా అది మనది కాదు, మ్యూజియానిది.

అందుకే ఆఖరున 31వ ఫొటో. దాన్ని నువ్వు "విరిగిన అమ్మోనైట్, 300 రూపాయలు" అని రాశావు. అది అమ్మోనైట్ కాదు అనుకుంటున్నాను. కోన్ లాగా ఉంది, కిందిభాగం ఉబ్బి, నిలువుగా గీతలు పడి ఉంది. పన్నులా ఉంది. ఆ చుట్టుపక్కలే ఉన్న కారై ఊరి మట్టిలో ఇక్త్యోసార్ పళ్ళు దొరికాయని 2011లో పరిశోధకులు ప్రచురించారు. లైమ్ రీజిస్‌లో మేరీ ఆనింగ్ తీసిన జీవుల బంధువులే. ఫొటో చూసి ఖాయంగా చెప్పలేను. మెత్తటి పాత పంచె గుడ్డలో చుట్టి, డబ్బాలో పెట్టి ఆదివారం పట్టుకురా. కడగొద్దు, ఫెవిక్విక్ వెయ్యొద్దు, నాలిక మీద పెట్టి చూడొద్దు. అంతకంటే ముందు ఈ ఉత్తరం చదవగానే నీ ఫ్రెండ్‌కి ఫోన్ చేసి, ఆ ఒక్కటీ ఏ పిల్లాడు తెచ్చాడో, ఏ వాగు గట్టున దొరికిందో కనుక్కో. అక్టోబరు వానలు మొదలైతే ఆ గట్టు ఇప్పుడున్నట్టు ఉండదు.

ఇట్లు,
మామయ్య