థైరాయిడ్ మాత్ర ఆపేసి హోమియోకి మారవచ్చా?

మీరు అడిగింది ఇదీ: "మా అమ్మకి థైరాయిడ్. రోజూ మాత్ర వేసుకోలేక హోమియోకి మారతానంటోంది. హైదరాబాద్ రామంతపూర్‌లో ప్రభుత్వ హోమియో ఆసుపత్రే ఉంది కదా, పనిచేయకపోతే ప్రభుత్వం ఎందుకు నడుపుతుంది?"

ముందు ముఖ్యమైనది చెప్పేస్తాను. అమ్మగారిని ఆ మాత్ర ఆపనివ్వకండి. హోమియో గుళికలు కూడా వేసుకుంటానంటే వేసుకోనివ్వండి, దాని కోసం ఇంట్లో గొడవ వద్దు. పరగడుపున వేసుకునే థైరాయిడ్ మాత్ర మాత్రం ఆగకూడదు.

మా మేనత్త విషయంలో ఏం జరిగిందో నేను దగ్గరుండి చూశాను. ఆమె ఉండేది మల్కాజ్‌గిరిలో. ఎన్నో ఏళ్లుగా మాత్ర వేసుకుంటోంది, బాగానే ఉంది. టీవీలో, మెట్రో స్తంభాల మీద "థైరాయిడ్‌కి శాశ్వత పరిష్కారం" అన్న ప్రకటన చూసి చూసి ఒకరోజు నన్ను వెంటబెట్టుకుని ఆ క్లినిక్‌కి వెళ్లింది. డాక్టర్ కంటే ముందు ఒక అమ్మాయి మమ్మల్ని కూర్చోబెట్టి ప్యాకేజీల గురించి చెప్పింది. ఏడాదికి ఇంత, రెండేళ్లకైతే తగ్గింపు, ఈఎంఐ కూడా ఉంది. డబ్బు కట్టించుకున్నాకే లోపలికి పంపారు.

లోపల డాక్టర్ చాలా ఓపికగా మాట్లాడాడు, అది ఒప్పుకోవాలి. తీపి ఇష్టమా కారం ఇష్టమా, రాత్రి ఫ్యాన్ కావాలా దుప్పటి కావాలా, ఉరుములంటే భయమా, ఏడుపొస్తే ఎవరైనా పక్కన ఉండాలనిపిస్తుందా ఒంటరిగా ఉండాలనిపిస్తుందా అని అడుగుతూ పోయాడు. మామయ్య పోయిన సంగతి అత్త చెప్పింది, కొడుకు ఫోన్ చేయడం తగ్గించాడని చెప్పింది, కళ్లు తుడుచుకుంది. ఆటోలో తిరిగొస్తూ నాతో అంది: "బిడ్డా, ఇన్నేండ్లల్ల ఏ డాక్టరన్నా నన్ను ఇంతసేపు కూసోబెట్టి అడిగిండా?"

లేచే ముందు ఆయన ఇంకో మాట కూడా అన్నాడు. ఇంగ్లీషు మందు ఒంట్లో ఉంటే మా మందు పని చేయదు, ఆపేయండి అని. నేను అక్కడే వద్దన్నాను. అత్తకి అప్పటికే ఆయన మీద గురి కుదిరింది.

మొదటి నెల అత్త హుషారుగానే ఉంది. "చూశినవా, మాత్ర లేకుండానే ఉన్న" అనేది. మోసం జరిగేది సరిగ్గా ఇక్కడే. ఒంట్లో చేరిన థైరాయిడ్ మందు సగం తగ్గడానికే వారం దాకా పడుతుంది. మోటారు ఆపేసినా మిద్దె మీది ట్యాంకులో నీళ్లున్నంతసేపు కుళాయి వస్తుంది కదా, అలాంటిదే ఇది. పాత మందు ఖాతాలోని మంచి అంతా కొత్త గుళికల పేరున జమైపోతుంది.

తర్వాత మొహం ఉబ్బింది, గొంతు బొంగురుపోయింది. ఎండాకాలంలో శాలువా కప్పుకుని పట్టపగలు నిద్రపోయేది. పొయ్యి మీద పాలు పెట్టి మర్చిపోయేది. క్లినిక్‌కి ఫోన్ చేస్తే "లోపలి రోగం బయటికి వస్తోంది, మంచి లక్షణమే" అన్నారు. నాకు ఇప్పటికీ కోపం తెప్పించేది ఆ మాటే. తగ్గితే మందు గొప్పదనం, ముదిరినా మందు పనిచేస్తున్నట్టే అంటే ఇక పేషెంట్ ఎప్పుడు మేలుకోవాలి? చివరికి రక్తపరీక్ష చేయిస్తే టీఎస్‌హెచ్ (థైరాయిడ్ తగ్గితే పెరిగే హార్మోన్) నూరు దాటింది. నాలుగైదు లోపు ఉండాల్సినది. వయసు వల్ల గుండె మీద భారం పడకూడదని ఇంగ్లీషు వైద్యం డాక్టర్ థైరాయిడ్ మాత్రని తక్కువ డోసుతో మొదలుపెట్టి మెల్లగా పెంచాడు. మనిషి మళ్లీ మామూలు కావడానికి నెలలు పట్టింది. ప్యాకేజీ డబ్బు తిరిగి ఇవ్వలేదు. థైరాయిడ్ మాత్రలకి నెలకి వంద రూపాయలు కూడా కావు.

ఇక ప్రభుత్వం సంగతి. ప్రభుత్వం నడపడం వేరు, మందు పనిచేయడం వేరు. 1973లో హోమియోకి కేంద్ర చట్టం వచ్చింది, 2014లో ఆయుష్ మంత్రిత్వ శాఖ వచ్చింది, 2020లో జాతీయ కమిషన్ చట్టం చేశారు. ఇవన్నీ చదువుకీ ప్రాక్టీసుకీ హద్దులు పెట్టే ఏర్పాట్లు, మందుకి రుజువులు కావు. 2015లో ఆస్ట్రేలియా వైద్య పరిశోధన మండలి 61 రకాల జబ్బుల మీద జరిగిన అధ్యయనాలు పరిశీలించి, ఒక్కదానికైనా హోమియో పనిచేస్తుందనడానికి నమ్మదగిన ఆధారం లేదని చెప్పింది. 2017లో ఇంగ్లండ్ ప్రభుత్వ ఆరోగ్య సేవ హోమియో మందులు రాయవద్దని తన డాక్టర్లకి సూచించింది. ఫ్రాన్స్‌లో 2021 నుంచి ప్రభుత్వ బీమా ఆ ఖర్చు ఇవ్వడం లేదు. ఇందులో ఆశ్చర్యమేమీ లేదు. హోమియో సీసా మీద రాసే 30సీ అంటే ఒక వంతుని నూరు వంతుల్లో కలపడం, దాన్నే ముప్పైసార్లు చేయడం. పన్నెండోసారి దాటేసరికే అసలు పదార్థం ఒక్క అణువైనా మిగిలే అవకాశం దాదాపు ఉండదు.

మరి "మా పిల్లాడికి థూజా అనే హోమియో మందుతో పులిపిర్లు రాలిపోయాయి" అని అందరూ ఎందుకంటారు? పిల్లల్లో పులిపిర్లు చాలావరకు ఒకటి రెండేళ్లలో వాటంతటవే పోతాయి. కిడ్నీలో చిన్న రాళ్లు నీళ్లతోనే పడిపోతాయి. జలుబు వారంలో తగ్గుతుంది. మన ఊళ్లో హోమియోకి పేరు తెచ్చినవి ఈ మూడే అని నా గట్టి నమ్మకం. థైరాయిడ్ గ్రంథి పాడైతే చాలామందిలో అలా దానంతటదే బాగుపడదు.

రామంతపూర్ ఆసుపత్రి మీద నాకు కోపం లేదు. సరోజినీ నాయుడు కొడుకు జయసూర్య పేరు, పొట్టి శ్రీరాములు పేరు కలిపి పెట్టుకున్న కాలేజీ అది. అక్కడ ప్యాకేజీలు అమ్మరు. నా కోపం ప్రకటనల క్లినిక్‌ల మీద. 1954 నుంచి ఈ దేశంలో ఒక చట్టం ఉంది. షుగర్, ఆస్తమా, గాయిటర్ (థైరాయిడ్ గ్రంథి వాపు), కిడ్నీ రాళ్లు, క్యాన్సర్ లాంటి జబ్బులు నయం చేస్తామని మందుల ప్రకటన వేయడం నేరం. నగరంలో ఏ ఫ్లైఓవర్ ఎక్కినా ఆ జబ్బుల పేర్లే కనబడతాయి. ఆ బోర్డులు తీయించే అధికారి ఒక్కరైనా లేరా?

అసలు మా అత్తని కట్టిపడేసింది గుళికలు కావు, ఆ డాక్టర్ కూర్చోబెట్టి విన్న ఆ కాసేపు. బస్తీ దవాఖానాలో, అంటే మన వాడల్లోని చిన్న ప్రభుత్వ క్లినిక్‌లో, బయట లైనుంటే డాక్టరమ్మ ఒక్కొక్కరికి రెండు నిమిషాలకి మించి ఎలా ఇస్తుంది? ప్రజల డబ్బు పెట్టాల్సింది అక్కడ. ఇంకో డాక్టర్‌ని వేయండి, ముసలివాళ్లతో కూర్చుని మాట్లాడే నర్సుని వేయండి. మనుషులు వాళ్లంతట వాళ్లే అక్కడికి వస్తారు.

అమ్మగారికి విసుగు ఎందుకొచ్చిందో ఒకసారి అడిగి చూడండి. మాత్ర వేసుకుంటున్నా నీరసంగానే ఉందంటే, వేసుకున్న వెంటనే కాఫీ తాగుతున్నారేమో, కాల్షియం, ఐరన్ మాత్రలు కూడా అప్పుడే వేసుకుంటున్నారేమో గమనించండి. కాఫీ, టిఫిన్ కనీసం అరగంట ఆగాలి, కాల్షియం, ఐరన్‌కి నాలుగు గంటల ఎడం ఉండాలి. బస్తీ దవాఖానాలో రక్తం ఇస్తే థైరాయిడ్ పరీక్ష ఉచితమే. ఆ రిపోర్టు డాక్టర్‌కి చూపించి డోసు సరిచేయించండి, మార్చిన ఆరు వారాలకి మళ్లీ పరీక్ష చేయించండి.