డబ్బు కట్టింది కొడుకు, వీపు కాలింది తండ్రికి: కేసు ఎవరు వేయాలి?

ప్రశ్న: మాది కరీంనగర్. మా వారు రిటైర్డ్ టీచర్, 64 ఏళ్లు. మా 35వ పెళ్లిరోజుకి డాలస్‌లో ఉంటున్న మా అబ్బాయి హైదరాబాద్‌లోని ఒక ఫైవ్‌స్టార్ హోటల్లో ప్యాకేజీ బుక్ చేశాడు. ఇద్దరికీ గంటన్నర స్పా, రాత్రికి అక్కడి చైనీస్ రెస్టారెంట్‌లో భోజనం. 28,000 రూపాయలు వాడి కార్డు మీదే కట్టాడు. స్పాలో ముందుగా ఒక ఫారం మీద సంతకాలు తీసుకున్నారు. షుగర్ ఉందా అన్న చోట మా వారు టిక్కు పెట్టారు. అయినా వేడి రాళ్లతో మసాజ్ చేశారు. ఆ రాత్రికే నడుము పైన మూడు చోట్ల బొబ్బలెక్కాయి. పాపం, భోజనం చేసినంతసేపూ కుర్చీలో వెనక్కి ఆనలేకపోయారు. నేను శాకాహారినని ముందే చెప్పాను. మెనూలో పచ్చ చుక్క ఉన్న నూడుల్స్ తెచ్చిపెట్టారు. తీరా తిన్నాక, ఇంత రుచి ఎలా వచ్చింది బాబూ అని అడిగితే, ఆయిస్టర్ సాస్ వేస్తారని వడ్డించిన అబ్బాయే చెప్పాడు. ప్యాకేజీలో లేనివి 3,200 రూపాయలకు తీసుకుంటే, దాని మీద పది శాతం సర్వీస్ ఛార్జి వేశారు. తీసేయమన్నా తీయలేదు. తర్వాత ఫిర్యాదు చేస్తే మరో ఉచిత స్పా వోచర్ మెయిల్ చేశారు. ‘అన్ని రిస్కులూ నావే’ అని సంతకం పెట్టాక మనమేం చేయగలం అంటారు మా వారు. డబ్బు కట్టింది మా అబ్బాయి కదా, మేం కేసు వేయొచ్చా? ఇది జరిగి మూడు వారాలైంది.
— ఒక పాఠకురాలు

జవాబు: వేయొచ్చమ్మా. మీ అబ్బాయి రానక్కర్లేదు, ఆయన పేరు మీద వేయనక్కర్లేదు. మీరిద్దరే ఫిర్యాదిదారులు.

వినియోగదారుల రక్షణ చట్టం, 2019లో సెక్షన్ 2(7) ‘వినియోగదారు’ ఎవరో చెబుతుంది. డబ్బు కట్టి సేవ తీసుకున్నవారే కాదు, కట్టినవారి సమ్మతితో ఆ సేవను అనుభవించినవారు కూడా వినియోగదారులే. పెళ్లిరోజుకి కొడుకు కొనిచ్చిన స్పాకి తల్లిదండ్రులు వెళ్లడం అంటే ఇంతకంటే స్పష్టమైన సమ్మతి ఏముంటుంది? బుకింగ్ మెయిల్, కార్డు స్టేట్‌మెంట్‌లో ఆ ఒక్క లైను, ‘ఇది మా అమ్మానాన్నల కోసం నేను బుక్ చేశాను’ అని ఆయన రాసిన చిన్న మెయిల్ ఉంటే చాలు. ఉచితంగా వెళ్లాం కదా అన్న మొహమాటం మనసులోంచి తీసేయండి. హోటల్‌కి 28,000 ముట్టాయి. మీకది కానుకే, హోటల్‌కి మాత్రం అమ్మకం.

ఇక మీ వారిని భయపెడుతున్న ఆ ఫారం సంగతి. నాకైతే ఈ కేసులో మీకున్న అన్నిటికంటే గట్టి ఆధారం అదే అనిపిస్తోంది. ఆయన ఆ కాగితం కిందివైపే చూస్తున్నారు. ‘రిస్క్ నాదే, హోటల్‌కి బాధ్యత లేదు’ అన్న అచ్చు, దాని కింద తన సంతకం. పైభాగం కూడా చూడమనండి. బీపీ, గుండె జబ్బు, షుగర్ అంటూ గళ్లున్నాయి. షుగర్ గడిలో ఆయన టిక్కు ఉంది. అసలా గడి ఎందుకు పెట్టారు? చాలా ఏళ్లుగా షుగర్ ఉన్నవారిలో నరాల స్పర్శ తగ్గుతుంది, వేడి తగిలినా వెంటనే తెలియదు. మామూలు మనిషి ‘అబ్బా, కాలుతోంది’ అనే చోట వీళ్లు గమనించకుండా పడుకునే ఉంటారు. పుండు పడితే మానడం కూడా ఆలస్యం. ఈ సంగతి స్పా వాళ్లకి తెలుసు. తెలుసు కాబట్టే అడిగారు. అడిగి, జవాబు రాయించుకుని, దాన్ని పక్కన పెట్టి వేడి రాళ్లు పెట్టారు. ‘ఆయన మాకు చెప్పలేదు’ అనే దారి వాళ్లే మూసుకున్నారు.

కింద అచ్చయిన మాటల విషయం. ‘కారు యజమాని రిస్క్‌పై’ అని పార్కింగ్ టోకెన్ మీద రాసుకున్నంత మాత్రాన హోటల్ తన నిర్లక్ష్యం నుంచి తప్పించుకోలేదని 2019 నవంబర్‌లో సుప్రీంకోర్టు చెప్పింది. అది ఢిల్లీలోని తాజ్ మహల్ హోటల్ కేసు. 1998లో అతిథి కారు తాళాలు హోటల్ సిబ్బందికిస్తే వాళ్లు పార్క్ చేశారు, కారు దొంగతనానికి గురైంది. కారుకి వర్తించిన ఆ వాదనే మనిషి ఒంటి విషయంలో మరింత బలంగా వినిపించవచ్చు. మసాజ్ వల్ల కాస్త నొప్పులుంటాయి, నూనె పడకపోవచ్చు అన్న రిస్కుకి మీ వారు ఒప్పుకున్నారనుకుందాం. సిబ్బంది అజాగ్రత్తకు ఎవరూ సంతకం పెట్టరు.

ఇక్కడొక జాగ్రత్త. కొందరు లాయర్లు ఉత్సాహం కొద్దీ ‘ఈ ఫారంలోని షరతు అన్యాయమైనది, కొట్టేయండి’ అని కూడా ఫిర్యాదులో రాస్తారు. అన్యాయమైన ఒప్పందాల మీద విచారించే అధికారం జిల్లా వినియోగదారుల కమిషన్‌కు లేదు, ఆ ఫిర్యాదు రాష్ట్ర కమిషన్‌కు వెళ్లాలి. ఆ ఒక్క కోరిక వల్ల, కేసు అసలు ఇక్కడ నిలుస్తుందా లేదా (మెయింటెయినబిలిటీ) అన్న వాదనల మీదే నెలలు గడిచిపోతాయి. మీరు సేవాలోపం అని మాత్రమే రాయండి. షరతు అడ్డం వస్తే దాని మీద వాదిద్దాం.

నూడుల్స్ విషయం చిన్నదని ఎవరైనా అంటే ఒప్పుకోకండి. ఆయిస్టర్ సాస్ చేసేది ఆల్చిప్పల సారంతో. చైనీస్ వంటగదిలో అది మన ఇంట్లో చింతపండు పులుసంత మామూలు. ఆకుకూరలోనూ, పుట్టగొడుగుల్లోనూ, నూడుల్స్‌లోనూ ఒక గరిటె పడుతుంది. వంటవాడి దృష్టిలో అది మాంసం ముక్క కాదు, రుచికి వేసే సాస్. అందుకే పెద్ద పేరున్న చోట కూడా ఈ పొరపాటు జరుగుతుంది. పుట్టగొడుగులతో చేసిన శాకాహార సాస్ కూడా దొరుకుతుంది, కావాలంటే అది వాడుకోవచ్చు. మన ఆహార లేబులింగ్ నిబంధనల ప్రకారం సముద్రజీవుల నుంచి వచ్చిన పదార్థం ఏ కొంచెం ఉన్నా అది మాంసాహారమే. దాని పక్కన పచ్చ చుక్క పెట్టడం మీకు తప్పుడు సమాచారం ఇవ్వడమే. పుట్టినప్పటి నుంచి నోట పెట్టనిది తెలియకుండా తినిపించారంటే ఆ బాధ ఎంతటిదో కమిషన్ సభ్యులకు విడమరిచి చెప్పనక్కర్లేదు. మెనూ ఫొటో తీసుకున్నారా? లేకపోతే హోటల్ వెబ్‌సైట్‌లో ఆ మెనూ ఉందేమో చూసి, తేదీ కనబడేలా స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి, ఈరోజే. ఫిర్యాదు చేరాక మెనూలు మారిపోవచ్చు.

సర్వీస్ ఛార్జి మీద ఎక్కువ చెప్పను. దాన్ని బిల్లులో తమంతట తాము కలపకూడదని కేంద్ర వినియోగదారుల రక్షణ అథారిటీ 2022 జూలై 4న మార్గదర్శకాలిచ్చింది. హోటళ్ల సంఘాలు సవాలు చేస్తే ఢిల్లీ హైకోర్టు సింగిల్ జడ్జి 2025 మార్చి 28న ఆ మార్గదర్శకాలనే సమర్థించారు. ఆ తీర్పు మీద అప్పీలు వెళ్లింది, హోటల్ లాయరు ఆ మాట తప్పక ఎత్తుతారు. మీ బిల్లులో 3,200 మీద 320, ఆ 320 మీద 18 శాతం జీఎస్టీ 57 రూపాయల 60 పైసలు, మొత్తం 377 రూపాయల 60 పైసలు. ఆ అంకెనే ఫిర్యాదులో రాయండి. గుండ్రంగా 400 అని రాయకండి. లెక్క పైసాతో సహా సరిపోతే మిగతా మాటలనూ నమ్ముతారు. జీఎస్టీ 18 శాతం వేశారేమిటని మాత్రం వాదన పెట్టుకోకండి. బయటి రెస్టారెంట్లో 5 శాతమైనా, గది అద్దె 7,500 దాటే పెద్ద హోటళ్లలోని రెస్టారెంట్లకి 18 శాతమే వర్తిస్తుంది.

ఇప్పుడు ఆ వోచర్. వాడకండి. వాడి, ‘ధన్యవాదాలు’ అని ఒక మెయిల్ పెట్టారంటే, గొడవ పరిష్కారమైపోయిందని వాళ్లు దాన్నే కమిషన్ ముందు పెడతారు. కాలిన వీపుతో మళ్లీ అదే బల్ల మీద ఎవరు పడుకుంటారు? ‘మీరు పంపిన వోచర్‌ను స్వీకరించడం లేదు, మా హక్కులు అలాగే ఉంటాయి’ అని రెండు ముక్కలు జవాబివ్వండి. హోటల్ నుంచి ఎవరైనా ఫోన్ చేసి రాజీ మాట్లాడితే తప్పు లేదు. వినండి. కానీ ‘ఫుల్ అండ్ ఫైనల్’ అన్న కాగితం మీద సంతకం అడిగితే, సొమ్ము ఎంతో అందులో రాసి ఉంటేనే, అది మీకు సమ్మతమైతేనే పెట్టండి. కేసు వేశాక కూడా మీడియేషన్‌కు, అంటే మధ్యవర్తి ద్వారా రాజీకి, పంపే వీలుంది.

ఎక్కడ వేయాలి? కరీంనగర్‌లోనే. ఫిర్యాదిదారు నివసించే జిల్లాలో కేసు వేసుకునే వీలు 2019 చట్టం తెచ్చింది, సెక్షన్ 34. బుకింగ్ షరతుల్లో ‘వివాదాలన్నీ ఫలానా మహానగరం కోర్టుల్లోనే’ అని ఉండి ఉంటుంది, దాన్ని చూసి ఆగిపోకండి. సేవకు చెల్లించిన మొత్తం 50 లక్షల లోపు కాబట్టి జిల్లా కమిషన్ చాలు. 5 లక్షల లోపు అయితే ఫీజు అసలు లేదు. వినియోగదారుల కేసుల కోసం ఉన్న ఇ-జాగృతి పోర్టల్‌లో ఇంటి నుంచే దాఖలు చేయవచ్చు, వీడియోలో విచారణ కోరవచ్చు. లాయరును పెట్టుకోవడం తప్పనిసరి కాదు. అయినా మీ కేసులో వైద్యానికి సంబంధించిన అంశం ఉంది కనుక, ఫిర్యాదు ముసాయిదా ఒకసారి స్థానిక లాయరుకు చూపించమంటాను. గడువు రెండేళ్లు. కానీ రెండేళ్లుందని ఊరుకుంటే సాక్ష్యం ఉండదు.

ముందు హోటల్ రిజిస్టర్డ్ ఆఫీసుకు స్పీడ్ పోస్టులో నోటీసు పంపండి. జరిగింది తేదీ, సమయంతో రాసి, 15 రోజుల గడువివ్వండి. అందులో రెండు విషయాలు తప్పక అడగండి. మీ వారు సంతకం చేసిన ఫారం నకలు ఒకటి. ఆ సాయంత్రం స్పా రిసెప్షన్, రెస్టారెంట్ బిల్లింగ్ దగ్గరి సీసీటీవీ రికార్డింగ్ చెరిపేయకుండా భద్రపరచాలన్నది రెండోది. చాలాచోట్ల పాత రికార్డింగ్ మీదే కొత్తది ఎక్కుతూ ఉంటుంది, కొన్ని వారాలకు పాతది పోతుంది. ఇవ్వకపోతే, వాటిని హాజరుపరచమని ఆదేశించే అధికారం కమిషన్‌కు ఉంది. ఆదేశించినా దాచిపెడితే, ఆ కాగితం వాళ్లకు వ్యతిరేకంగా ఉందని కమిషన్ భావించవచ్చు. కేసు నోటీసు, ఫిర్యాదు కాపీ అందాక హోటల్ తన జవాబు దాఖలు చేయడానికి 30 రోజులు, మహా అయితే మరో 15. ఆపైన గడువు పెంచే అధికారం లేదని 2020 మార్చిలో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తేల్చింది.

డాక్టరు కాగితం గురించి మీరు రాయలేదు. చూపించారనే అనుకుంటున్నాను. చూపించకపోతే ఈ రోజే వెళ్లండి, కేసు కోసం కాకపోయినా ఆయన షుగర్ కోసం. చీటీలో ‘చర్మ సమస్య’ అని కాకుండా వేడి వల్ల కాలిన గాయాలని, ఎన్ని, ఎక్కడ, ఎంత పరిమాణం అని రాయించండి. ఆ రాత్రి మీ ఫోన్లో తీసిన ఫొటోలుంటే ఫోన్ మార్చకండి, ఫార్మాట్ చేయించకండి. వాటికి భారతీయ సాక్ష్య అధినియం సెక్షన్ 63 కింద, ఎలక్ట్రానిక్ ఆధారాలకు ఇవ్వాల్సిన సర్టిఫికెట్ జతచేద్దాం. ప్రతి కేసులోనూ నిపుణుడి సాక్ష్యం అక్కర్లేదని హైదరాబాద్ ఆసుపత్రి కేసు ఒకదానిలో 2010లోనే సుప్రీంకోర్టు చెప్పింది. షుగర్ ఉందని రాసిచ్చిన మనిషికి వేడి రాళ్లు పెడితే కాలిందని తెలుసుకోవడానికి నిపుణుడెందుకు?

ఎంత అడగాలి? ఇది మాత్రం మీ అబ్బాయికి కూడా చదివి వినిపించండి, దూరాన ఉన్నవాళ్లకు కోపం ఎక్కువ ఉంటుంది. ఢిల్లీలో ఒక పెద్ద హోటల్ సెలూన్‌లో 2018లో జుట్టు తప్పుగా కత్తిరించారని ఒక మోడల్ కేసు వేస్తే, జాతీయ కమిషన్ 2021లో 2 కోట్లు ఇచ్చింది. పత్రికలన్నీ రాశాయి. 2023 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు సేవాలోపం జరిగిందన్న నిర్ణయం జోలికి వెళ్లకుండా, ఆ మొత్తాన్ని పక్కన పెట్టి, నష్టానికి ఆధారం చూపాలి, అడిగినంత మాత్రాన ఇవ్వడం కుదరదని తిరిగి పంపింది. నేనైతే స్పా భాగం సొమ్ము వాపసు, వైద్యం ఖర్చు బిల్లుల ప్రకారం, సర్వీస్ ఛార్జి, మీ ఇద్దరి శారీరక, మానసిక వేదనకు కలిపి రెండు లక్షల లోపు, పైన కేసు ఖర్చులు అడుగుతాను. పుండు మానక ఆసుపత్రిలో చేరాల్సి వస్తే ఈ లెక్క మారుతుంది, అప్పుడు మళ్లీ రాయండి.

పోలీసు కేసు పెట్టొచ్చా అని మీరడగలేదు, కానీ బంధువులెవరో ఒకరు చెబుతారు. నిర్లక్ష్యంతో గాయపరచడం భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 125 కిందికి వస్తుంది. అయితే ఆ కేసులో ముందుగా నిలబడేది ఆ రాళ్లు పెట్టిన అమ్మాయో అబ్బాయో. షుగర్ అని రాసిన ఫారం వాళ్లదాకా చేరిందో లేదో కూడా మనకు తెలియదు. ఆ ఫారం తీసుకున్నది హోటల్, డబ్బు తీసుకున్నది హోటల్. ఫిర్యాదులో ప్రతివాదిగా హోటల్‌నే పెట్టండి. స్పాను వేరే కంపెనీ నడుపుతోందని నోటీసుకి జవాబులో చెబితే, దాన్ని రెండో ప్రతివాదిగా చేర్చండి.