ఏజెంటు అరువుకు అమ్మిన సరుకు: బాకీ ఎవరిది, వసూలు పద్దు ఎలా రాయాలి?

ప్రశ్న క్లుప్తంగా: పలాస నుంచి హైదరాబాద్ బేగంబజార్‌లోని ఏజెంటుకు జీడిపప్పు కన్‌సైన్‌మెంట్ మీద, అంటే సరుకు మీదిగానే ఉండి ఆయన కమీషన్‌కు అమ్మిపెట్టే పద్ధతిలో, పంపుతున్నారు. ఆయన కొంత రొక్కానికి, కొంత అరువుకు అమ్ముతాడు. పాత అకౌంటెంటు మొత్తం అమ్మకాన్ని ఏజెంటు ఖాతాకే డెబిట్ చేస్తూ వచ్చాడు. ఇప్పుడు ఏజెంటు చెప్పే నిల్వకూ మీ పుస్తకాల్లోని నిల్వకూ పొంతన లేదు. అరువు అమ్మకానికి, వసూలుకి, రాని బాకీకి పద్దులు ఎలా రాయాలి?

ముందు ఒప్పందం కాగితం తీసి ఒక్క విషయం చూడండి: ఏజెంటుకు డెల్ క్రెడరీ కమీషన్ ఇస్తున్నారా, లేదా? మామూలు కమీషన్‌కు అదనంగా, అరువు బాకీల పూచీ తన మీద వేసుకున్నందుకు ఏజెంటుకు ఇచ్చేదే అది. ఇస్తుంటే బాకీ ఆయనది, ఇవ్వకపోతే మీది. పద్దులన్నీ దీన్నిబట్టే నడుస్తాయి. కాగితంలో ఏమీ రాసి లేకపోతే పూచీ లేనట్టే లెక్క. "మా ఏజెంటు నమ్మకస్తుడు, ఆయనే కట్టేస్తాడు" అన్నది పద్దుకు ఆధారం కాదు.

డెల్ క్రెడరీ లేనప్పుడు మీ పుస్తకాల్లో పద్దులు ఇవి (కన్‌సైన్‌మెంట్ ఖాతా అంటే పంపిన లోడు లాభనష్టం తేల్చే ఖాతా):

రొక్కం అమ్మకం: ఏజెంటు ఖాతా డెబిట్, కన్‌సైన్‌మెంట్ ఖాతా క్రెడిట్.
అరువు అమ్మకం: కన్‌సైన్‌మెంట్ బాకీదార్ల ఖాతా డెబిట్, కన్‌సైన్‌మెంట్ ఖాతా క్రెడిట్.
ఏజెంటు వసూలు చేసినప్పుడు: ఏజెంటు ఖాతా డెబిట్, కన్‌సైన్‌మెంట్ బాకీదార్ల ఖాతా క్రెడిట్.
రాని బాకీ: కన్‌సైన్‌మెంట్ ఖాతా డెబిట్, కన్‌సైన్‌మెంట్ బాకీదార్ల ఖాతా క్రెడిట్.

ఏజెంటు తన పుస్తకాల్లో అరువు అమ్మకానికి పద్దు రాయనక్కర్లేదు. ఎవరికి ఎన్ని డబ్బాలు, ఏ ధరకు, ఎన్ని రోజుల గడువుకు ఇచ్చాడో ఒక రిజిస్టరులో ఉంటే చాలు. డబ్బు చేతికొచ్చిన రోజు నగదు డెబిట్, మీ ఖాతా క్రెడిట్ రాస్తాడు. అందుకే ఆయన లెక్కలో వసూలైనంతే కనిపిస్తుంది. మీ లెక్కలో అరువు మొత్తం కూడా ఆయన మీదే పడింది. మీ తేడాకు ఎక్కువ భాగం కారణం ఇదే.

డెల్ క్రెడరీ ఉంటే మీ పని తేలిక. రొక్కమైనా అరువైనా మొత్తం అమ్మకానికి ఏజెంటు ఖాతా డెబిట్, కన్‌సైన్‌మెంట్ ఖాతా క్రెడిట్. కొనుక్కున్న దుకాణదారు ఎవరో మీ ఆవర్జాకు (లెడ్జరుకు) అక్కర్లేదు. వసూలుకీ రాని బాకీకీ మీ దగ్గర పద్దే ఉండదు. ఏజెంటు మాత్రం తన పుస్తకాల్లో అరువు అమ్మకానికి బాకీదార్ల ఖాతా డెబిట్, మీ ఖాతా క్రెడిట్ రాసుకోవాలి. రాని బాకీని తన కమీషన్ ఆదాయంలోంచి తీసేసుకోవాలి.

ఇప్పుడు లెక్క చూద్దాం. జీఎస్టీ పక్కన పెడుతున్నాను. పది కిలోల డబ్బాలు 100 పంపారు, డబ్బా ఖరీదు ₹7,500, మొత్తం ₹7,50,000. లారీ కిరాయి, బీమా కలిపి మీ ఖర్చు ₹10,000. ఏజెంటు పెట్టిన దిగుమతి కూలి ₹2,000, గోదాము అద్దె ₹3,000. అమ్మింది 80 డబ్బాలు: రొక్కానికి 30, డబ్బా ₹9,000 చొప్పున ₹2,70,000, అరువుకు 50, డబ్బా ₹9,200 చొప్పున ₹4,60,000. మొత్తం అమ్మకం ₹7,30,000. అరువులో ₹4,40,000 వసూలైంది, ₹20,000 మునిగింది. మామూలు కమీషన్ 5%, అంటే ₹36,500.

మిగిలిన 20 డబ్బాల నిల్వ విలువ: (7,50,000 + 10,000 + 2,000) ÷ 100 = డబ్బాకు ₹7,620, మొత్తం ₹1,52,400. గోదాము అద్దె, కమీషన్, రాని బాకీ ఇందులోకి రావు. అవి సరుకు గోదాముకు చేరాక అమ్మకం కోసం అయిన ఖర్చులు, నష్టాలు. రాని బాకీని కూడా డబ్బాల మీద పంచేసి నిల్వ విలువ పెంచే లెక్కలు చాలా చోట్ల కనిపిస్తాయి. అలా చేస్తే ఈ ఏడాది నష్టంలో కొంత వచ్చే ఏడాదికి జారిపోతుంది.

డెల్ క్రెడరీ లేకపోతే కన్‌సైన్‌మెంట్ ఖాతా డెబిట్ వైపు 7,50,000 + 10,000 + 5,000 + 36,500 + 20,000 = ₹8,21,500. క్రెడిట్ వైపు 7,30,000 + 1,52,400 = ₹8,82,400. లాభం ₹60,900. ఏజెంటు మీకు పంపాల్సింది: 2,70,000 + 4,40,000 − 5,000 − 36,500 = ₹6,68,500.

అదే సరుకుకు 2% డెల్ క్రెడరీ ఉంటే, అది ₹14,600. రాని బాకీ మీకు తగలదు. లాభం ₹66,300, ఏజెంటు పంపాల్సింది ₹6,73,900. రెండింట్లోనూ తేడా ₹5,400, అంటే 20,000 లోంచి 14,600 తీసేయగా మిగిలింది. మీకు మిగిలిన ఆ ₹5,400 ఏజెంటు జేబులోంచి పోయినదే.

ఇక్కడ ఒక సంగతి చాలామంది గమనించరు. ఒప్పందంలో వేరే మాట లేకపోతే డెల్ క్రెడరీ కమీషన్‌ను మొత్తం అమ్మకాల మీద కడతారు, అరువు అమ్మకాల మీద మాత్రమే కాదు. రొక్కం అమ్మకంలో మునిగేదేమీ లేకపోయినా దాని మీద కూడా 2% పోతుంది. పై లెక్కలో ₹4,60,000 అరువుకు పూచీ కోసం మీరు పెట్టింది ₹14,600. పేరుకు 2%, అసలు పడింది దాదాపు 3.2%. మీ అరువులో అంతకన్నా తక్కువే మునుగుతుంటే డెల్ క్రెడరీ మీకు నష్టం. రొక్కం వాటా పెరిగేకొద్దీ ఈ శాతం ఇంకా పెరుగుతుంది. కొత్త ఒప్పందంలో "డెల్ క్రెడరీ అరువు అమ్మకాల మీద మాత్రమే" అని ఒక్క ముక్క రాయించుకుంటే అది ₹9,200 కు దిగుతుంది. ఏజెంటు ఒప్పుకుంటాడా అన్నది బేరంలో తేలాలి.

డెల్ క్రెడరీ ఉంది కదా అని ప్రతి కోతనూ ఏజెంటు మీద వేయడం కుదరదు. కొన్నవాడు దివాలా తీసినా, డబ్బు ఎగ్గొట్టినా ఏజెంటు భరించాలి. "గుండు అని చెప్పి బద్ద ఎక్కువ కలిపారు", "డబ్బాలో చెమ్మ ఉంది" అని దుకాణదారు ధర కోస్తే అది సరుకు తగాదా, మీది. ఆ కోతకు కన్‌సైన్‌మెంట్ ఖాతా డెబిట్, ఏజెంటు ఖాతా క్రెడిట్. దీన్ని రాని బాకీ కింద రాస్తే రెండు వైపులా లెక్క చెడుతుంది. అకౌంట్ సేల్స్‌లో, అంటే ఏజెంటు పంపే పట్టీలో, ధర తగ్గింపుకీ రాని బాకీకీ వేరు వేరు గడులు ఉండాలని పట్టుబట్టండి. తగ్గింపు పక్కన డబ్బా లాట్ నంబరు లేకపోతే ఒప్పుకోకండి. మీ అనుమతి లేకుండా అరువుకు అమ్మినా, ఒప్పుకున్న గడువు దాటించి ఇచ్చినా డెల్ క్రెడరీ లేకపోయినా ఆ నష్టం ఏజెంటుదే. అందుకే అరువు పరిమితి, గడువు రోజులు ఒప్పందంలో ఉండాలి.

వసూళ్లలో అసలు చిక్కు మరో చోట ఉంది. ఏజెంటు మీ పప్పే కాదు, తన సొంత సరుకు కూడా అదే దుకాణానికి అమ్ముతాడు. దుకాణదారు ₹50,000 ఇచ్చి "ఖాతాలో వేసుకో" అంటాడు. ఏజెంటు తన పాత బాకీకి జమ వేసుకుని, మీ బాకీ ఇంకా రాలేదంటాడు. భారత కాంట్రాక్టు చట్టం 59 నుంచి 61 వరకు సెక్షన్లు దీని గురించే: ఇచ్చినవాడు ఏ బాకీకో చెబితే దానికే జమ, చెప్పకపోతే పుచ్చుకున్నవాడు తన ఇష్టం, ఇద్దరూ తేల్చకపోతే పాత బాకీ ముందు. కాబట్టి ఏజెంటు ఇచ్చే ప్రతి రసీదు మీద బిల్లు నంబరు ఉండాలని ఒప్పందంలోనే పెట్టండి. నెలకోసారి పట్టీతో పాటు రసీదు నకళ్లు, దుకాణం వారీగా, బిల్లు వారీగా బాకీ జాబితా తెప్పించండి. "వసూళ్లు ₹4,40,000" అని ఒకే అంకె పంపే పట్టీతో ఏదీ తేలదు.

ట్యాలీలో పెట్టేటప్పుడు ఈ దుకాణాలను మీ మామూలు సండ్రీ డెటార్స్‌లో కలపకండి. దాని కింద "కన్‌సైన్‌మెంట్ బాకీదార్లు, ఫలానా ఏజెంటు" అని వేరే గ్రూపు చేసి, ప్రతి దుకాణానికీ లెడ్జరు తెరిచి, బిల్‌వైజ్ వివరాలు ఆన్ చేయండి. పంపిన ప్రతి లోడుకూ ఒక కాస్ట్ సెంటర్ ఉంటే లాభం లోడు వారీగా తేలుతుంది. అమ్మకానికి న్యూ రిఫరెన్స్ (కొత్త బిల్లు), వసూలుకి అగైనెస్ట్ రిఫరెన్స్ (ఆ బిల్లుకే జమ). బద్ధకించి ఆన్ అకౌంట్ (ఏ బిల్లుకూ ముడిపెట్టని జమ) కొట్టారో, బాకీ వయసు రిపోర్టు పనికిరాదు: కట్టేసిన బిల్లు కూడా 180 రోజుల బాకీగా కనిపిస్తుంటుంది.

ఇక మీ పాత పుస్తకాల సవరణ. డెల్ క్రెడరీ లేదని తేలితే, ఈ రోజుకు వసూలు కాని బిల్లుల మొత్తానికి ఒకే పద్దు చాలు: కన్‌సైన్‌మెంట్ బాకీదార్ల ఖాతా డెబిట్, ఏజెంటు ఖాతా క్రెడిట్. రెండూ ఆస్తి అప్పుల పట్టీలోవే కాబట్టి పాత ఏళ్ల లాభం మారదు, వాటిని తిరగదోడనక్కర్లేదు. ఆ బిల్లుల్లో వచ్చే ఆశ లేనివి ఉంటే, ఆ లోడు ఖాతా ఎప్పుడో ముగిసిపోయి ఉంటుంది గనుక, వాటిని ఈ ఏడాది లాభనష్టాల ఖాతాకు డెబిట్ చేయండి. సవరణ తర్వాత కూడా తేడా మిగిలితే మూడు చోట్ల వెతకండి: ఏజెంటు పంపి మీకింకా చేరని చెక్కులు, ఆయన పట్టుకున్న ఖర్చులు, టీడీఎస్ (కమీషన్‌లోంచి ముందే కోసి ప్రభుత్వానికి కట్టే పన్ను).

టీడీఎస్ చాలా చోట్ల జారిపోతుంది. ఏజెంటు కమీషన్ తానే పట్టుకుని మిగతాది పంపినా, కోత కోసి ప్రభుత్వానికి కట్టాల్సింది మీరే. 1961 నాటి ఆదాయపు పన్ను చట్టంలో ఇది సెక్షన్ 194హెచ్. 2024 అక్టోబర్ 1 నుంచి రేటు 2%, 2025 ఏప్రిల్ నుంచి ఏడాది కమీషన్ ₹20,000 దాటితేనే కోత. మీరు వ్యక్తిగత వ్యాపారి అయితే ముందటి ఏడాది మీ టర్నోవరు కోటి దాటినప్పుడే వర్తిస్తుంది. డెల్ క్రెడరీ కూడా కమీషనే. పై మొదటి లెక్కలో ₹730 కి ఏజెంటు ఖాతా డెబిట్, టీడీఎస్ బాకీ ఖాతా క్రెడిట్. అంటే ఆయన మీకు పంపాల్సింది ₹6,69,230 అవుతుంది.

జీఎస్టీలో చూడాల్సింది దుకాణదారుకు బిల్లు ఎవరి పేరుతో వెళ్తోందన్నది. ఏజెంటు పేరుతో అయితే మీరు పలాస నుంచి పంపడమే సప్లై, అంటే పన్ను పడే సరఫరా. సీజీఎస్టీ చట్టం షెడ్యూల్ 1లో ఉంది, 2018 సెప్టెంబర్‌లో కేంద్ర పరోక్ష పన్నుల బోర్డు సర్క్యులర్ 57 కూడా ఇదే చెప్పింది. డెల్ క్రెడరీ ఏజెంట్ల గురించి అదే ఏడాది నవంబర్‌లో సర్క్యులర్ 73 వచ్చింది. కొలమానం అక్కడా బిల్లే. సరుకు లారీ ఎక్కినప్పుడే పన్ను పడుతుంది, పుస్తకాల్లో అమ్మకం మాత్రం ఏజెంటు అమ్మినప్పుడే. మార్చి ఆఖరుకు రిటర్నుల టర్నోవరు, పుస్తకాల టర్నోవరు కలవకపోవడం అందుకే సహజం; తేడా పట్టిక తయారు చేసి పెట్టుకోండి. బాకీ మునిగితే దాని మీద కట్టిన జీఎస్టీ వెనక్కి రాదు. రాని బాకీకి క్రెడిట్ నోటు ఇచ్చి పన్ను తగ్గించుకోమని ఎవరైనా సలహా ఇస్తే వినకండి.

ఆదాయపు పన్నుకు మాత్రం రాని బాకీ ఖర్చుగా దొరుకుతుంది. ముందు అది మీ అమ్మకాల ఆదాయంలో చేరి ఉండాలి, ఆ ఏడాది పుస్తకాల్లో నిజంగా కొట్టేసి ఉండాలి. బాకీ మునిగిపోయిందని విడిగా రుజువు చేయనక్కర్లేదని టీఆర్ఎఫ్ లిమిటెడ్ కేసులో 2010లో సుప్రీంకోర్టు తేల్చింది. రాకపోవచ్చునని పక్కన పెట్టే కేటాయింపుకు ఈ వెసులుబాటు లేదు.

కొట్టేయక ముందు గడువు లెక్క చూడండి. అరువు గడువు ముగిసిన రోజు నుంచి 3 ఏళ్లలో దావా వేయాలి. గడువు పెట్టకుండా ఇస్తే సరుకు అందిన రోజు నుంచి. ఈలోగా దుకాణదారు సంతకంతో బాకీ ఒప్పుకున్న కాగితం ఇచ్చినా, చెక్కుతో కొంత కట్టినా 3 ఏళ్లు మళ్లీ మొదలవుతాయి. డెల్ క్రెడరీ లేకపోతే ఈ కాగితాలు తెప్పించాల్సింది మీరే. ప్రతి మార్చి 31 నాటి నిల్వకు, ఏజెంటు సంతకం కాకుండా దుకాణదారు సంతకంతోనే ధ్రువీకరణ తీసుకోండి. లాయరు నోటీసు ఖర్చు, వసూలుకి తిరిగిన ఖర్చు కన్‌సైన్‌మెంట్ ఖాతాకు డెబిట్. లోడు ముగిసి ఉంటే లాభనష్టాలకు. కొట్టేసిన బాకీ తర్వాత వస్తే ఏజెంటు ఖాతా డెబిట్ చేసి, లాభనష్టాల ఖాతాలో "వసూలైన రాని బాకీ" కింద క్రెడిట్ చేయండి; దుకాణదారు లెడ్జరుకు జమ వేస్తే అక్కడ లేని క్రెడిట్ నిల్వ పుడుతుంది.