కందకాల్లో సైనికులు ఎలా బతికారు? యుద్ధం వీడియోలు చూసినా మనం ఎందుకు చలించడం లేదు?

మొదటి ప్రపంచ యుద్ధంలో, 1914-18లో ఫ్రాన్స్, బెల్జియం పొలాల్లో తవ్విన కందకాల్లో రోజంతా పోరాటమేమీ ఉండేది కాదు. ఎక్కువగా ఎదురుచూపులే. బురద, ఎలుకలు, పేలు, రాత్రంతా కాపలా. రోజుల తరబడి తడి బూట్లలో ఉండి పాదాలు కుళ్లేవి, కొందరికి వేళ్లు తీసేయాల్సి వచ్చేది. అక్కడ ఎక్కువకాలం ఉంటే మనిషి తట్టుకోలేడు కాబట్టి కొన్ని రోజులకోసారి దళాలను వెనక్కి మార్చేవారు. ఫిరంగుల మోతకు వణుకు పుట్టి మాట పడిపోయినవాళ్లలో చాలామందిని పిరికివాళ్లన్నారు. నాకు అన్నిటికంటే బాధ కలిగించేది ఇదే. ఇక దాడి జరిగిన రోజుల సంగతి వేరు. 1916 జులై 1న, ఫ్రాన్స్‌లో సోమ్ యుద్ధం తొలిరోజే, బ్రిటిష్ సైన్యంలో 19 వేలమందికి పైగా చనిపోయారు.

శవం పక్కనే కూర్చుని రొట్టె తినగలగడం ఆ సైనికుడికి బతకడానికి అవసరమైంది. మనం మొద్దుబారడం వేరు. మొన్న లక్డీకాపూల్‌లో ఇరానీ చాయ్ తాగుతుంటే పక్క కుర్రాడి ఫోన్‌లో ఉక్రెయిన్ వీడియో వచ్చింది. కందకంలో ముడుచుకున్న మనిషి మీద డ్రోన్ బాంబు వేసింది. వెంటనే క్రికెట్ రీల్. వేలు ఆగలేదు. అతన్ని తప్పుపట్టను. పైనుంచి తీసిన వీడియోలో ముఖం కనబడదు, అరుపు వినబడదు, పైగా పాట కలుపుతారు. ఒకే రకం దృశ్యం పదేపదే చూస్తే మనసు స్పందించడం తగ్గిస్తుంది.

ఫ్రాన్స్ కందకాల నుంచి భారతీయ సైనికులు ఇంటికి రాసిన ఉత్తరాల తర్జుమాలు, ఆ ఉత్తరాలను తనిఖీ చేసిన బ్రిటిష్ సెన్సార్ ఫైళ్లలో మిగిలాయి. అవి కొన్ని చదివాక నాకు ఆ వీడియోలు ఫార్వర్డ్ చేయబుద్ధి కాలేదు.